తోటను నిద్రలేపే పాట: పిల్లల రూపకానికి సంగీతం కట్టడం ఎలా

పిల్లల సంగీత రూపకాల్లో ఎక్కడో ఒకచోట ఈ సన్నివేశం వచ్చి తీరుతుంది. శాపం తగిలి పడి ఉన్న తోట. ఒక పాప వేణువు పట్టుకుని వస్తుంది, ఊదుతుంది, తోట మేల్కొంటుంది. స్క్రిప్టులో ఒకే ఒక్క లైను ఉంటుంది: "సంగీతానికి పరవశించి ప్రకృతి మేలుకొనును." రాసినాయన పని అక్కడితో అయిపోయింది. ఆరు నిమిషాల సంగీతం కట్టే టెన్షన్ మనకు మిగులుతుంది.

మామూలుగా జరిగేది చెబుతాను. పాప వేణువు పెదవికి ఆనించగానే లైట్లన్నీ వెలుగుతాయి. చైమ్స్ ఘల్లుమంటాయి. కీబోర్డులో స్ట్రింగ్స్ పొంగుతాయి. పక్షుల కూతల ట్రాకు ఒకటి మీద పడుతుంది. ఇరవై మంది పిల్లలు ఒకేసారి పువ్వులై లేచి నిలబడతారు. అరనిమిషంలో అంతా అయిపోతుంది కాబట్టి మిగిలిన ఐదున్నర నిమిషాలు డాన్సు పెట్టి నెట్టుకొస్తారు. చప్పట్లు పడతాయి, పడవని కాదు. కానీ అక్కడ ఎవరో స్విచ్ వేసినట్టుంటుంది తప్ప ఏదీ నిద్రలేచినట్టుండదు.

నేను ఇలాంటి రూపకాలకు వేణువు వాయిస్తాను, సంగీతం కడతాను. ఈ సన్నివేశం వరకు నా పట్టుదల ఒక్కటే. తోట కూడా వాద్యబృందంలో ఒకరు. వేణువు అడగాలి, అడిగి ఆగాలి. తోట తన తీరికలో తాను జవాబు చెప్పాలి. వేణువుకీ జవాబుకీ మధ్య ఎంతసేపు ఆగుతాం, ఆ ఆగే సమయం ఎలా తగ్గుతూ వస్తుంది అన్నదే ఈ సన్నివేశానికి అసలు కథ. రాగం, వాద్యాలు, లైట్లు అన్నీ దాని తర్వాతే.

నల్ల మెట్లు ఐదూ చాలు

కీబోర్డు గానీ హార్మోనియం గానీ ముందు పెట్టుకోండి. తెల్ల మెట్ల జోలికి వెళ్లొద్దు. నల్లవి ఐదే: నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర, ఒకటిన్నర, రెండున్నర (తెల్ల మెట్లు స్థాయికి ఒకటి నుంచి ఏడు అనుకుంటే, నాలుగుకూ ఐదుకూ మధ్య నల్లది నాలుగున్నర). నాలుగున్నరను షడ్జమం, అంటే స, అనుకుంటే ఇవి స రి గ ప ద, అంటే మోహన రాగం. ఒక్క మెట్టు కూడా మార్చకుండా ఆరున్నరను షడ్జమం అనుకోండి. అవే మెట్లు స గ మ ద ని అవుతాయి, అంటే హిందోళ రాగం. సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది తెలిసిన గ్రహభేదమే. గమకాల సంగతేమిటని పెద్దలు కోప్పడవచ్చు. కచేరీ చేయడం లేదు, తోటను లేపుతున్నాం, ఈసారికి మన్నించాలి.

దీని లాభం ఏమిటంటే, తోట నిద్రలో ఉన్నంతసేపూ కింద ఆరున్నర శ్రుతి నడిపిస్తారు. మేల్కొన్నాక కింద శ్రుతిని నాలుగున్నరకు మారుస్తారు. పైన వేణువు వాయించేది అదే వరుస, అవే వేళ్లు. కానీ వినేవాళ్ల చెవికి మబ్బు తొలగిపోతుంది. పాట మారలేదు, పాట కింద నేల మారింది. శాపం వదలడాన్ని ఇంతకంటే తక్కువ ఖర్చుతో చెప్పే దారి నాకు దొరకలేదు.

తంబూరా యాప్ వాడుతుంటే ఒక జాగ్రత్త. హిందోళంలో పంచమం లేదు. అందుకని నిద్ర భాగానికి మధ్యమ శ్రుతి పెట్టండి, అంటే ఆరున్నర, రెండున్నర. మేల్కొన్న భాగానికి మామూలు పంచమ శ్రుతి, అంటే నాలుగున్నర, ఒకటిన్నర. ఈ నాలుగూ మన ఐదు మెట్లలోవే కాబట్టి ఎక్కడా గీరుకోదు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఈ ఐదు స్వరాల మధ్య అరస్వరం తేడా ఎక్కడా లేదు. స్టేజీ మీద పిల్లలు తడబడి ఒకదానికి బదులు ఇంకొకటి వాయించినా చెవికి ముల్లులా గుచ్చుకోదు.

వేణువు నాలుగున్నర శ్రుతిది ఒక్కటి ఉంటే సరి.

పిలుపు

పిలుపు పొట్టిగా ఉండాలి. నేను వాడేది నాలుగు స్వరాలే: సరిగప. ఆరున్నర శ్రుతి మీద అదే 'దనిసగ' అని వినిపిస్తుంది. చివరి స్వరం దగ్గర పట్టి ఉంచి, ఊపిరి మెల్లగా వదిలి ఆపేయాలి. షడ్జమం మీదకు తిరిగి రావొద్దు. షడ్జమం మీద ముగిస్తే మాట పూర్తయిపోయినట్టు వినిపిస్తుంది, ఇక ఎవరూ జవాబు చెప్పాల్సిన పని ఉండదు. పైన వదిలేస్తే ప్రశ్నలా గాలిలో నిలబడుతుంది.

మెరుగులు దిద్దాలన్న ఆశ పుడుతుంది. దిద్దకండి. ఆరు నిమిషాల్లో ఈ పిలుపు పదిసార్లకు పైనే వస్తుంది. చివరి వరుసలో కూర్చున్న ఏడేళ్ల పిల్లకు కూడా మూడోసారికి అది నోటికి రావాలి.

వేగం నిమిషానికి 60 లెక్కలు పెట్టుకోండి. లెక్కకో సెకను కాబట్టి గడియారం చూసి కూడా కొలుచుకోవచ్చు. చివరి దాకా ఇదే వేగం. మేల్కొనడం అంటే వేగం పెంచడం అని చాలామంది అనుకుంటారు. ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ ఒకే పియానో మీద ఇద్దరు పిల్లలు కలిసి వాయించడానికి రాసి, 1910లో పూర్తి చేసిన 'మదర్ గూస్' అనే వరుసలో చివరి ఖండం పేరే 'మంత్రవనం'. అది మొదలవడం నెమ్మదిగా, గంభీరంగా, చాలా చిన్న గొంతుతో మొదలవుతుంది. ముగిసేసరికి గంటలు మోగినట్టు నిండిపోతుంది. పరుగు మాత్రం ఎక్కడా ఉండదు. నిండుదనం పెరుగుతుంది, అంతే. ఈ సన్నివేశం కట్టే ముందు దాన్ని ఒకసారి వినండి.

నిద్రపోతున్న తోట వినబడాలి

మొదటి నలభై సెకన్లు వేణువు లేదు. అలాగని నిశ్శబ్దమూ కాదు. నిశ్శబ్దంగా ఉంటే స్పీకర్లు ఆగిపోయాయేమో అని జనం వెనక్కి తిరిగి చూస్తారు. కింద శ్రుతి చాలా మెల్లగా ఉండాలి. దాని మీద రెండే శబ్దాలు: ఎండుటాకు దొర్లిన చప్పుడు, కీచురాయి.

కీచురాయి చప్పుడు రికార్డు దొరుకుతుంది కానీ అందులో దాని వేగం చూసుకోండి. కీచురాళ్లు రెక్కలు ఒకదానితో ఒకటి రాసి ఆ చప్పుడు చేస్తాయి. చలిగా ఉంటే నెమ్మదిస్తాయి, వెచ్చబడితే జోరందుకుంటాయి. 1897లో డోల్బేర్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త కీచురాయి కూతలు లెక్కపెట్టి ఉష్ణోగ్రత చెప్పే సూత్రమే రాశాడు. శాపం పట్టిన తోట చల్లగా ఉంటుంది కదా. అందుకని కూతకూ కూతకూ మధ్య ఎడం పెంచండి. తోట లేస్తున్నకొద్దీ ఆ ఎడం తగ్గిస్తూ వచ్చి, వెలుగు రాగానే తీసేయండి. ఎందుకు వెచ్చగా అనిపించిందో ఎవరికీ తెలియదు, అనిపిస్తుంది మాత్రం.

ఎండుటాకుల్ని ఫోనులోనే రికార్డు చేసుకోవచ్చు. ఫ్యాను ఆపి, ఫోను మైకుకు పల్చటి గుడ్డ చుట్టి, ఆకుల్ని జానెడు దూరంలో పెట్టి ఒక్కొక్కటే కదపండి. గుప్పెడు ఆకులు నలిపితే మంటలా వినబడుతుంది.

జవాబులు, ఆలస్యాలు

మొదటి పిలుపు. తర్వాత ఎనిమిది లెక్కలు. ఏమీ రాకూడదు. ఇక్కడే అందరికీ చేతులు దురద పెడతాయి. రిహార్సల్‌లో డైరెక్టరు వచ్చి "ఇక్కడ ఖాళీగా ఉందండీ" అంటారు. ఖాళీగానే ఉండాలి. వేణువు పట్టుకున్న పాప చెవి నేల వైపు వంచి వింటే చాలు.

రెండో పిలుపు. మళ్లీ ఎనిమిది లెక్కలు గడిచాక నేల పలుకుతుంది. ఘటం మీద అరచేతి మడమతో ఒక్క దెబ్బ, గుమ్మని. వినబడిందా లేదా అని డౌటు రావాలి, అంత చిన్నగా. మూడో పిలుపుకు ఆరు లెక్కల తర్వాత రెండు దెబ్బలు. అప్పటిదాకా తాళం లేదు. ఈ దెబ్బల నుంచే మూడు లెక్కల నడక ఒకటి పుడుతుంది, తిశ్రం. తోట గుండె కొట్టుకోవడం ఇక్కడ మొదలవుతుంది.

నాలుగో పిలుపుకు నాలుగు లెక్కల తర్వాత నీళ్లు. దీనికి నేను జలతరంగం పద్ధతిలో ఐదు పింగాణీ గిన్నెలు వాడతాను. ట్రాకులో నీటిచుక్క శబ్దం పెట్టడం తేలికే కానీ, పిల్లల చేత గిన్నెలు వాయిస్తే స్టేజీ మీద కనబడుతుంది కూడా. గిన్నె అంచు మీద సన్నటి వెదురుపుల్లతో తట్టండి. కీబోర్డు మీద కావలసిన మెట్టు నొక్కి పోల్చి చూడండి. గిన్నె పలుకు ఎక్కువ పైన ఉంటే చెంచాతో నీళ్లు పోయండి, స్వరం దిగుతుంది. మరీ దిగితే ఒక చెంచా తీసేయండి. కావలసిన స్వరానికి దగ్గరకొచ్చాక చెంచా కూడా ఎక్కువే, దూదిని ముంచి చుక్కలు పిండాలి. సరిగ్గా కుదిరినప్పుడు గిన్నె పలుకూ కీబోర్డు పలుకూ కలిసిపోయి, మధ్యలో వణుకు మాయమవుతుంది. నీటిమట్టం దగ్గర గిన్నె లోపల గీత పెట్టుకోండి. స్టేజీ మీద లైట్ల వేడికి, పిల్లల మోచేతులకు నీళ్లు తగ్గుతాయి. తెర లేచే ముందు గీత దాకా మళ్లీ నింపాలి.

నీళ్ల తర్వాత ఆకులు. గజ్జెల్ని కాలికి కట్టకుండా చేత్తో పట్టుకుని, గుప్పిట్లో బిగించి మెల్లగా విప్పితే లేతాకు కదిలినట్టుంటుంది. దీనికి రెండు లెక్కల ఆలస్యం.

ఇలా ఎనిమిది, ఆరు, నాలుగు, రెండు. ఆలస్యం తగ్గుతోందని ఎవరూ లెక్కపెట్టరు కానీ తోట దగ్గరకు వస్తున్నట్టు ఒంటికి తెలుస్తుంది.

ఇక్కడ ఒక ఎదురుదెబ్బ కావాలి. లేకపోతే నిచ్చెన ఎక్కినట్టే ఉంటుంది, కథ ఉండదు. అత్తిపత్తి మొక్క తాకగానే ముడుచుకుంటుంది, కొన్ని నిమిషాలకు మళ్లీ విచ్చుకుంటుంది. నేను ఆ గుణాన్ని తోట మొత్తానికి ఇస్తాను. ఆకులు కదలగానే పాప సంబరపడిపోయి పిలుపును గట్టిగా, తొందరగా ఊదేస్తుంది. మృదంగం మీద ఒక్క పెద్ద దెబ్బ. గజ్జెలు, గిన్నెలు, ఘటం అన్నీ ఆగిపోతాయి. కీచురాయి మళ్లీ చలిలోకి వెళ్లిపోతుంది. పిల్లలకు ఈ భాగం భలే ఇష్టం, ఎందుకంటే ముడుచుకోవడం వాళ్లకు బాగా వచ్చు. తర్వాతి పిలుపు మొదటిదానికంటే చిన్నగా ఉండాలి.

తేనెటీగ, నేల మార్పు

ఆ చిన్న పిలుపుకు జవాబు ఒక తేనెటీగ. ఎగిరేటప్పుడు తేనెటీగ రెక్కలు సెకనుకు సుమారు 230 సార్లు కొట్టుకుంటాయి. కీబోర్డు మధ్యలో ఉండే ఆరున్నర మెట్టు 233 హెర్ట్జ్. అంటే తేనెటీగ ఝుంకారం దాదాపుగా మన నిద్ర శ్రుతి షడ్జమమే. ఇంతకంటే అదృష్టం ఏం కావాలి! తేనెటీగ రికార్డింగు గానీ, హార్మోనియం మీద ఆ ఒక్క మెట్టు గానీ పట్టి ఉంచండి. అది నడుస్తుండగా కింద ఆరున్నర శ్రుతిని మెల్లగా తగ్గించి నాలుగున్నరను తీసుకురండి. ఎనిమిది లెక్కలు పట్టాలి. తేనెటీగ కదల్లేదు, కానీ ఇప్పటిదాకా షడ్జమంగా ఉన్న దాని స్వరం మోహన గాంధారం అయి కూర్చుంది. లైట్లు మారాల్సింది ఇప్పుడే, ఒక్క క్షణం కూడా ముందు కాదు.

సంగీతం వింటే మొక్కలు ఏపుగా పెరుగుతాయా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఆ వాదంలోకి నేను దిగను. నాకు పనికొచ్చిన సంగతి ఒకటుంది. 2019లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ జాతి పువ్వులకు తేనెటీగ చప్పుడు వినిపించారు. మూడు నిమిషాల్లోపే వాటి మకరందంలో తీపి పెరిగింది. పువ్వు విన్నది, జవాబిచ్చింది, కాస్త ఆగి ఇచ్చింది. స్టేజీ మీద మూడు నిమిషాలు ఆగలేం, పన్నెండు లెక్కలు ఆగుదాం. సన్నివేశం మొత్తంలో ఇదే పెద్ద నిరీక్షణ. తేనెటీగ ఒక్కటే వినబడుతుంటుంది. తర్వాత మొదటి పువ్వు.

పువ్వుల్ని ఒకేసారి లేపకండి. ఏ పువ్వు వేళ దానిదే. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1751లో పువ్వులు విచ్చుకునే వేళల్ని బట్టి గడియారం తయారు చేయవచ్చని రాశాడు. చంద్రకాంత సాయంత్రం విచ్చుకుంటుంది, తామర పొద్దున. రాధామనోహరం అయితే రాత్రి తెల్లగా పూసి, తర్వాత గులాబీరంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది. పిల్లల్ని ఐదు గుంపులు చేసి గుంపుకో స్వరం ఇవ్వండి. తమ స్వరం వినబడినప్పుడే లేవాలి. చివరి గుంపుకు రిషభం ఇవ్వండి, అది తక్కువసార్లు వచ్చేలా చూడండి. ఇంకా లేవని పువ్వు ఒకటి ఉంటే ప్రేక్షకులు దాన్నే చూస్తారు. చైమ్స్ వాడక తప్పదనుకుంటే ఆ చివరి పువ్వుకు ఒక్కసారి.

పక్షి

పక్షుల ట్రాకు వేయాలన్న ఆత్రం చివరి దాకా అణచుకోవాలి. పక్షి కూసిందంటే చెవులన్నీ దాని వైపే వెళ్తాయి, ఇంకేదీ వినబడదు. బీతోవెన్ ఈ సంగతి బాగా ఎరిగినవాడు. 1808లో మొదటిసారి వినిపించిన ఆరో సింఫనీ రెండో భాగం చివర్లో మూడు పక్షులుంటాయి. నైటింగేల్‌కు ఫ్లూటు ఇచ్చాడు (అది బుల్‌బుల్ అని కొందరు పొరపాటు పడతారు గానీ వేరే పక్షి). క్వెయిల్‌కు ఓబో, కకూకు క్లారినెట్. అవి కూసేటప్పుడు ఆర్కెస్ట్రాను ఆపేశాడు. మనమూ అంతే, పక్షికి చోటివ్వాలి.

ఒక్క కోకిల చాలు. కోకిల పంచమంలో కూస్తుందని మన సంగీత గ్రంథాల మాట. మన పిలుపు పంచమం దగ్గరే కదా ఆగింది. కోకిల అక్కడి నుంచే అందుకోవాలి. మగ కోకిల కూత గమనించండి, ప్రతి కూతా ముందుదానికంటే కాస్త పైకి వెళ్తూ వెళ్తూ, తారస్థాయిలో ఠక్కున తెగిపోతుంది. రెండో వేణువు తీసుకుని పంచమం నుంచి ధైవతానికి ఒక జారుడు, ధైవతం నుంచి పై షడ్జమానికి ఇంకొకటి, షడ్జమం నుంచి రిషభానికి మరొకటి, అక్కడ ఆపేయాలి. చక్కగా ముగించబోకండి.

అసలు మలుపు ఇది. ఈ కూత పిలుపు లేకుండా రావాలి. ఇప్పటిదాకా వేణువు అడిగింది, తోట చెప్పింది. ఇప్పుడు పాప వేణువు దించి చెమట తుడుచుకుంటుండగా కోకిల ముందు కూస్తుంది. ఆపైన సరిగప అని పిలిచేది గిన్నెలు, పట్టి ఉంచేది గజ్జెలు. జవాబు చెప్పాల్సింది వేణువు. పాప వెంటనే ఊదకూడదు, నాలుగు లెక్కలు ఆగాలి. ఆ జవాబు మాత్రం షడ్జమం మీద ముగుస్తుంది, ఆరు నిమిషాల్లో మొదటిసారి. తర్వాత తిశ్రంలో అందరూ కలిసి ఎంతసేపు ఆడినా ఫరవాలేదు, డైరెక్టరుగారి డాన్సు ఇక్కడ పెట్టుకోవచ్చు.

స్పీకర్లు, మీట నొక్కేవాళ్లు

వేణువు స్టేజీ మధ్య నుంచి, తోట జవాబులు హాలు వెనక నుంచి, పక్కల నుంచి రావాలి. రెండే స్పీకర్లు ఉంటే వేణువుకు మైకు తీసేసి, వాటిని జవాబులకే వాడండి. చిన్న హాలులో వేణువు మైకు లేకుండానే వినబడుతుంది.

రికార్డు శబ్దాల్ని ఆరు నిమిషాల ఒకే ట్రాకుగా కలిపి పెట్టొద్దు. వేణువు వాయించే మనిషి ఊపిరి ట్రాకు కోసం ఆగదు. పాప రెండు లెక్కలు ఆలస్యమైతే జవాబు పిలుపు మీదే పడుతుంది, అప్పుడు ఆలస్యాలన్నీ తలకిందులవుతాయి. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కీచురాయి, ఆకులు, తేనెటీగ వేటికవే ముక్కలుగా కోసి, వేర్వేరు ఫైళ్లుగా పెట్టుకోండి. రెండు శ్రుతులూ కూడా విడివిడిగా. వాటిని నొక్కే పని లెక్కపెట్టడం వచ్చిన సంగీతం పిల్ల ఎవరికైనా అప్పజెప్పండి. వేణువు కనబడే చోట కూర్చోబెట్టండి, కాగితం మీద పిలుపు నంబరూ ఆగాల్సిన లెక్కలూ రాసివ్వండి. సౌండ్ సిస్టమ్ తెచ్చినాయన ఎంత మంచివాడైనా ఎనిమిది లెక్కలు ఊరికే కూర్చోలేడు, ఐదో లెక్కకే నొక్కేస్తాడు.